ఇల్లంతటికీ కార్బన్ ఫిల్టర్ పెట్టిస్తే బోరు నీళ్ల గార పోతుందా?

అనంతపురం అమ్మాయి (హొరమావు, బెంగళూరు):

నమస్కారం అండీ. మాది హొరమావులో సొంత ఇల్లు. సంపులో మూడు రకాల నీళ్లు కలుస్తాయి. రోజూ బోరు, వారానికి రెండు రోజులు కావేరి కుళాయి నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్. రెండేళ్లలో గీజర్ కాయిల్ రెండోసారి పోయింది. మెకానిక్ ఊడదీసి చూపిస్తే దానిమీద వేలు మందాన సున్నం పేరుకుని ఉంది. కావేరి వదిలిన రోజు మాత్రం షవర్ తిప్పగానే క్లోరిన్ వాసన. ఆ నీళ్లతో కాఫీ పెడితే మా అత్తయ్య ముట్టుకోరు.

ఒక కంపెనీవాళ్లు వచ్చి, ఇల్లంతటికీ కలిపి ఒకే కార్బన్ ఫిల్టర్ పెడితే గార, వాసన రెండూ పోతాయన్నారు. 62 వేలట. మోటార్ నుంచి మిద్దె మీద ట్యాంకుకు వెళ్లే పైపులో బిగిస్తారట. ఈ కార్బన్ అసలు ఏం చేస్తుందండీ? వాడుతున్నవాళ్లు చెప్పండి.

మారతహళ్లి వాసి:

మా ఇంట్లో నాలుగేళ్లుగా ఉంది. వాసన పూర్తిగా పోయింది. బకెట్ల మీద తెల్ల మరకలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయండీ.

కర్నూలు మిద్దె (కె.ఆర్.పురం):

అమ్మా, పైన ఆయన చెప్పింది నిజం. ముందు ఆ 62 వేలు ఆపండి.

ఫిల్టర్లో పోసేది బొగ్గు. ఎక్కువగా కొబ్బరి చిప్పలది. దాన్ని బాగా వేడి మీద ఆవిరి పట్టిస్తే కంటికి కనపడని రంధ్రాలు తెరుచుకుంటాయి. ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే ఒక్క గ్రాములో దాదాపు 1000 చదరపు మీటర్లు ఉంటుంది, అంటే మన లెక్కలో పావు ఎకరం. నీళ్లలో వాసన, రంగు తెచ్చే సేంద్రియ పదార్థాలు ఆ గోడలకు అతుక్కుపోతాయి. క్లోరిన్ సంగతి వేరు. అది బొగ్గు తగలగానే మార్పు చెంది క్లోరైడ్ అవుతుంది, దానికి ఆ ఘాటు ఉండదు.

గార కట్టేవి కాల్షియం, మెగ్నీషియం. అవి నీళ్లలో కరిగిపోయి ఉంటాయి, బొగ్గుకు చిక్కవు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), నైట్రేట్ కూడా అంతే. గారకు కావలసింది సాఫ్ట్‌నర్. దాంట్లో ఉండే రెజిన్ అనే సన్న పూసలు కాల్షియంను పట్టుకుని సోడియంను వదులుతాయి. అవి నిండినప్పుడల్లా ఉప్పునీళ్లతో కడగాలి.

ఇక నాకు అసలు భయం ఫిల్టర్ పెడతామన్న చోటు గురించి. ఆరేళ్ల కిందట మా ఇంట్లోనూ మోటార్ లైన్లోనే పెట్టారు. వాసన పోయిందని సంతోషించాం. మూడు నెలల తర్వాత ట్యాంకు కడగడానికి పైకెక్కి లోపలి గోడ మీద చెయ్యి పెడితే బెండకాయ జిగురులా సాగింది. కావేరి నీళ్లలో క్లోరిన్ కలిపేదే దారిలో, ట్యాంకులో క్రిములు పెరగకుండా. దాన్ని ట్యాంకుకు ముందే తీసేస్తే మిద్దె మీద ఎండకు వెచ్చబడే నీళ్లకు ఇక కాపలా ఏముంటుంది? బొగ్గు కూడా అంతే, క్లోరిన్ అందని లోపలి భాగంలో క్రిములు కాపురం పెడతాయి.

మరి కంపెనీవాళ్లు అక్కడే ఎందుకు పెడతారంటే, మోటార్ తోపుడు ఉంటుంది కాబట్టి. ట్యాంకు కుళాయికి 3 మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.3 కేజీయే. అది ఫిల్టర్ దాటేసరికి షవర్ ధార సన్నబడిపోతుంది. మేము తర్వాత ఫిల్టర్‌ను ట్యాంకు నుంచి దిగే పైపుకు మార్చి చిన్న ప్రెషర్ పంపు పెట్టించాం. ఖర్చు పెరిగింది, కానీ జిగురు మళ్లీ రాలేదు.

మీ బోరు నీళ్లను ల్యాబులో ఇచ్చి హార్డ్‌నెస్ (గార కట్టే గుణం), ఐరన్ చూపించండి. ఆ కాగితం లేకుండా ఏదీ కొనకండి.

అనంతపురం అమ్మాయి:

అన్నా, రిపోర్టు వచ్చింది. బోరు హార్డ్‌నెస్ 580, ఐరన్ 0.1. చదవగానే టెన్షన్ పట్టుకుంది. ఇంకో మాట, కార్బన్ అయిపోయిందని ఎలా తెలుస్తుంది? బ్యాక్‌వాష్ చేస్తే చాలు, పదేళ్లు మార్చక్కర్లేదని ఆ కంపెనీవాళ్లు అన్నారు.

కర్నూలు మిద్దె:

టెన్షన్ వద్దమ్మా. తాగునీళ్లకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మీది ఆ అంచున ఉంది, కాయిల్ పోయింది అందుకే. ఐరన్ తక్కువే కాబట్టి ఆ బాధ లేదు.

బ్యాక్‌వాష్ అంటే నీళ్లను కిందినుంచి పైకి తోసి బొగ్గులో ఇరుక్కున్న మట్టిని కడగడం. రంధ్రాల్లో అతుక్కున్నది దానితో రాదు. మా ఇంట్లో ఈత కొలనుల దగ్గర వాడే క్లోరిన్ టెస్ట్ చుక్కలు ఉన్నాయి. కావేరి రోజున ఫిల్టర్‌కు ముందు ఒక గ్లాసు, తర్వాత ఒక గ్లాసు పట్టి చుక్కలు వేస్తాను. మొదటిది పసుపు తిరుగుతుంది. రెండోదానికి రంగు రాకూడదు. లేతగా పసుపు కనపడిన రోజున బొగ్గు మార్చాలి. కొత్త బొగ్గు పోసినప్పుడు మొదటి నీళ్లు సిరాలా నల్లగా వస్తాయి, తేటపడేదాకా బయటికి వదిలేయండి.

మీ ఇంటికి నేనైతే ఇలా చేస్తాను. సాఫ్ట్‌నర్‌ను బోరు నుంచి సంపులోకి వచ్చే పైపుకే పెడతాను, దాని ముందు ఇసుక ఆపే ఫిల్టర్. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, రెజిన్ పాడవదు. కావేరి నీళ్లలో బోరు కంటే గార తక్కువ కాబట్టి నేరుగా సంపులోకి వెళ్లనివ్వండి, ట్యాంకులో క్లోరిన్ కూడా మిగులుతుంది. ట్యాంకర్ నీళ్లు మాత్రం ఈ సాఫ్ట్‌నర్ గుండా వెళ్లవు, ఎండాకాలం సర్దుకోవాలి. వాసనకు ఇల్లంతటికీ అక్కర్లేదు. వంటింటికి, స్నానాల గదికి దిగే పైపుకు చిన్న కార్బన్ చాలు, ధార సన్నబడితే మాలాగే ప్రెషర్ పంపు పెట్టించుకోండి. తాగే నీళ్లకు మీ ఆర్‌ఓ అలాగే ఉంచండి.

సాఫ్ట్‌నర్ సైజు చెప్పాలంటే బోరు ధార తెలియాలి. సంపు దగ్గర 20 లీటర్ల క్యాన్ ఎన్ని సెకన్లలో నిండుతుందో మూడుసార్లు కొలిచి ఇక్కడ రాయమ్మా, లెక్క వేసి చెప్తాను.