1332 వచ్చాక కూడా అనుమానమేనా?

తొలకరి_రాయి:
అల్లుడికి పెట్టిన ఉంగరంలోని వజ్రాన్ని తెలిసినవారి ప్రయోగశాలలో రామన్ యంత్రం (లేజరు కాంతి వేసి రాయి ఏ పదార్థమో చెప్పేది) కింద పెట్టించాను. 1332 వేవ్‌నంబర్ల దగ్గర సూదిలాంటి పీక్, ఒక్కటే. గ్రాఫు కింద పెట్టాను. భూమిలోంచి తీసిందని చెప్పి అమ్మిన దుకాణమే ఇప్పుడు ల్యాబ్ రాయి అంటూ సగం ధర కూడా ఇవ్వనంటోంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పచ్చ_లేజరు:
1332 అంటే వజ్రమని అర్థం, అంతవరకే. లేజరు కాంతిలో రవ్వంత శక్తిని కార్బన్ జాలకం, అంటే పరమాణువుల అల్లిక, ఊగడానికి వాడుకుంటుంది. ఆ తగ్గుదలను వేవ్‌నంబర్లలో కొలిస్తే వచ్చేదే మీ పీక్. జాలకం భూమిలో అల్లుకున్నా యంత్రంలో అల్లుకున్నా ఊపు ఒకటే.

తొలకరి_రాయి:
వేడి చూసి వజ్రాన్ని గుర్తుపట్టే పెన్నును, వజ్రంలా కనిపించే మొయిసనైట్ మోసం చేస్తుంది, రామన్‌ను చేయలేదు అని పోయిన నెల రాసింది తమరే కదా?

పచ్చ_లేజరు:
మొయిసనైట్ సిలికాన్ కార్బైడ్. దాని పీకులు వేరు, 789 దగ్గరొకటి, 767 దగ్గరొకటి. ఇక్కడ భూమిలోదైనా ల్యాబ్‌దైనా రెండూ కార్బనే.

పాత_నోటుపుస్తకం:
అందరూ రామన్ అంటారు, ఆయనతో కలిసి దీన్ని కనిపెట్టిన కృష్ణన్ పేరెత్తరు. 1928లోనే మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మండెల్‌స్టామ్ క్వార్ట్జ్‌లో ఇదే చూశారు.

తొలకరి_రాయి:
అయ్యా, నా ఉంగరం సంగతి.

పచ్చ_లేజరు:
మీ గ్రాఫు 1800 వేవ్‌నంబర్ల దగ్గర ఆగిపోయింది. 532 నానోమీటర్ల లేజరుతో 5200 దాటేదాకా తీయించండి. అక్కడ, అంటే 737 నానోమీటర్ల దగ్గర, వెలుగు కనిపిస్తే జాలకంలో సిలికాన్ చిక్కుకుందన్నమాట. ల్యాబ్‌లో వాయువుతో పెంచిన రాళ్లలో అది తరచుగా ఉంటుంది. రాయిని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే ఇంకా స్పష్టం. అయితే అది రామన్ కాదు, ఫోటోల్యూమినిసెన్స్, అంటే లేజరు పడ్డాక రాయి తానే వెదజల్లే వెలుగు. కనిపించనంత మాత్రాన సహజమనీ కాదు, ల్యాబ్‌లోనే అధిక పీడనంతో చేసినవి ఉన్నాయి.

జొన్నగిరి_వాన:
తొలకరికి మా పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్లకు ఈ బాధ లేదు. దొరికితే సహజమే!

తొలకరి_రాయి:
అంటే దుకాణంవాడిదే నిజమా? వాళ్ల వకాలతు మీకెందుకు?

పచ్చ_లేజరు:
వకాలతా! ఆదివారం పూట కూర్చుని మీ గ్రాఫు చదివినందుకా? ల్యాబ్‌లో పుట్టినా అది వజ్రమే. అందులో తక్కువేముంది?

తొలకరి_రాయి:
మీకు తక్కువ లేదు. భూమిలోంచి వచ్చిందని వియ్యంకుల ముందు చెప్పి వేలికి తొడిగింది నేను. వజ్రం కాదని నన్నెవరూ అనలేదు, అబద్ధమాడానంటున్నారు.

పచ్చ_లేజరు:
ఆ మాట మొదటే రాసి ఉంటే 1332 గొడవే వచ్చేది కాదు. బిల్లులో ఏముంది?

తొలకరి_రాయి:
ఇప్పుడే తీశాను. ‘డైమండ్ ఉంగరం, 1’. అంతే.