నంబర్ ప్లేట్ పొర ఊడిపోతే డబ్బు మనమే కట్టాలా?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):
అన్నా, స్కూటర్ 2022లో షోరూమ్‌లో కొత్తదే కొన్నాను. వెనక హై సెక్యూరిటీ ప్లేటు మీద మెరిసే పొర మొదట అంచుల్లో ఉబ్బింది, ఇప్పుడు చివరి అంకెల దగ్గర పొట్టులా లేచిపోతోంది. 8 చూస్తే 3 లాగా ఉంది. బండి ఎక్కడా పడలేదు, దేనికీ గుద్దుకోలేదు. రాత్రి డ్యూటీ దిగి రేణిగుంట రోడ్డులో వస్తుంటే కెమెరా ఉన్న చోటల్లా టెన్షన్. నా చలానా ఇంకెవరికో పోతే? కొత్త ప్లేటుకు డబ్బు కట్టమంటున్నారు షోరూమ్‌లో. వాళ్లు బిగించిన ప్లేటే కదా, నేనెందుకు కట్టాలి?

జవాబు (చిత్తూరు):
కట్టొద్దు తమ్ముడూ. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు ప్లేటు కంపెనీయే ఇవ్వాలి, డీలరే బిగించాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 50వది చదువు. ఆ మెరిసే షీటు చెడిపోకుండా ఉంటుందని కనీసం ఐదేళ్ల గ్యారంటీ ఉండాలని అందులోనే ఉంది. మన ఎండకు, వానకే లేచిపోతే ఇక ఆ గ్యారంటీ ఎందుకు మరి?

ముందు ఫోటోలు తియ్యి. ఎడమ పక్క అశోక చక్రం హోలోగ్రామ్, కింద లేజర్‌తో చెక్కిన నంబరు స్పష్టంగా పడాలి. ఆ లేజర్ నంబరు నీ బండి రికార్డులో ఉంటుంది, కాబట్టి ఇది మా ప్లేటు కాదని ఎవరూ అనలేరు. రాత్రిపూట వెనక నుంచి ఇంకో బండి హెడ్‌లైట్ వేయించి ఒక ఫోటో తియ్యి. బాగున్న చోట తెల్లగా మెరుస్తుంది, ఊడిన చోట వెలుగే ఉండదు. చూసినవాళ్లకు లోపం అక్కడే అర్థమవుతుంది.

ఇన్‌వాయిస్ జతచేసి డీలర్‌కీ, బండి కంపెనీకీ మెయిల్ పెట్టు. నోటిమాటగా అడిగితే "చూద్దాం సార్" అని పంపించేస్తారు. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. రేడియం షాపులో అంకెలు మాత్రం అంటించుకోవద్దు. ప్లేటు నువ్వే చెడగొట్టావని తిప్పికొడతారు.

ఇంకొకరు (తిరుచానూరు):
అన్నా, నాది ఆటో, పసుపు ప్లేటు. లారీ తగిలి ముందు ప్లేటు వంగిపోయింది. ఇదీ ఫ్రీగా మారుస్తారా?

జవాబు (చిత్తూరు):
అది దెబ్బ, షీటు లోపం కాదు. దానికి డబ్బు కట్టాల్సిందే. ప్రమాదానికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేస్తుంటే ప్లేటు సంగతి కూడా అందులో అడిగి చూడు.

కొర్లగుంట:
మెయిల్ పెట్టానన్నా. పాత ప్లేటు నేనే విప్పి తీసుకెళ్లాలా?

జవాబు (చిత్తూరు):
వద్దు. ప్లేటును బిగించిన స్నాప్ లాక్ (ఒకసారి వేస్తే మళ్లీ వాడలేని లాక్) విరగ్గొడితేనే వస్తుంది. బండితో వెళ్లి వాళ్లచేతే తీయించు. పాతది వాళ్లకే అప్పగించి రసీదు తీసుకో. నీ నంబరున్న ప్లేటు ఇంకొకడి చేతికి పోకూడదు.