పీ0135, పీ0171 ఎర్రర్ కోడ్‌లు రెండూ ఒకేసారి వచ్చాయి. పొగలో ఆక్సిజన్ చూసే ఓటూ సెన్సర్ మార్చేయడమేనా?

నూజివీడు_రసం:
బండి 2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్4. చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఇక ఆరడం లేదు. బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే పీ0135, పీ0171 కనిపించాయి. లీటరుకి పదహారు ఇచ్చేది పన్నెండుకి పడిపోయింది. సైలెన్సర్ నుంచి ఘాటు వాసన కూడా వస్తోంది. సర్వీస్ సెంటర్‌లో బానెట్ ఎత్తకుండానే సెన్సర్లు రెండూ, క్యాట్‌కాన్ (పొగని శుభ్రం చేసే కన్వర్టర్) కూడా మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అది చూసి మా ఆవిడ కొత్త బండి కొందామంటోంది. సెన్సర్ నిజంగా పోయిందో లేదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా? బయటి కంపెనీది వేయించొచ్చా? పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చే నెలతో అయిపోతుంది, అదొక టెన్షన్.

షెడ్డు_సుబ్బారావు:
క్యాట్‌కాన్ సరిగ్గా పనిచేయట్లేదని చెప్పే పీ0420 రాకుండా దాని మాట ఎత్తినవాడికి దండం పెట్టి బయటికొచ్చేయండి. 0171 అంటే ఇంజన్ లీన్, పెట్రోల్‌కి గాలి ఎక్కువైందని. 0135 అంటే క్యాట్‌కాన్‌కి ముందున్న సెన్సర్ హీటర్ సర్క్యూట్. సెన్సర్ 300 డిగ్రీలు దాటితే గానీ సరిగ్గా పనిచేయదు, త్వరగా వేడెక్కించడానికే లోపల హీటర్ పెట్టారు. మొదట ఫ్యూజు చూడండి. తర్వాత కనెక్టర్ పీకి, సెన్సర్ వైపు తెల్ల వైర్లు రెండింటి మధ్య మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓములే చూపాలి, మహా అయితే ఇరవై లోపు. అసలేమీ చూపకపోతే హీటర్ తెగిపోయినట్టే. బండి వైపు కనెక్టర్‌లో 12 వోల్టులు వస్తున్నాయో లేదో కూడా చూడాలి, కొన్ని బండ్లలో ఇంజన్ స్టార్ట్ చేస్తేనే వస్తాయి. ఇరవై ఏళ్లుగా ఆటోనగర్‌లో ఇదే పని. స్కానర్లు లేని రోజుల్లో చెవితోనే పట్టేవాళ్లం.

రాణిగంజ్_రాజు:
సుబ్బారావుగారూ, "తెల్లవి రెండూ" అని అందరికీ చెప్పకండి. అది బోష్ లెక్క: తెల్లవి రెండూ హీటర్, నలుపు సిగ్నల్, బూడిదరంగు ఎర్త్. డెన్సోలో నల్లవి రెండూ హీటర్, నీలం సిగ్నల్, తెలుపు ఎర్త్. యూనివర్సల్ సెన్సర్ కొనుక్కెళ్లి, రంగు చూసి రంగుకి అతికించి, సిగ్నల్ వైర్‌లోకి 12 వోల్టులు పంపి వచ్చేవాళ్లని కౌంటర్ మీద రోజూ చూస్తున్నా.

షెడ్డు_సుబ్బారావు:
ఒకే రంగువి రెండుంటే అవి హీటర్‌వని షెడ్డులో స్పానర్ అందించే కుర్రాడికీ తెలుసు. పార్టులు అమ్మేవాళ్లు మాకు చెప్పక్కర్లేదు.

రాణిగంజ్_రాజు:
అమ్మేవాళ్లకే కదన్నా తెలిసేది, మీరు బిగించినవాటిలో ఎన్ని వాపసు వస్తున్నాయో.

పెట్రోల్_బాధితుడు:
మీరు వైర్ల రంగులు లెక్కపెడుతూ కూర్చోండి. అసలు సంగతి ఈ20, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఆ పెట్రోల్ వచ్చాకే నా బండికీ ఇదే 0171. సెన్సర్ మార్చా, మళ్లీ వచ్చింది. ఇథనాల్ సెన్సర్‌ని తినేస్తోంది. ఎవరూ నోరు విప్పరు.

లాంబ్డా_లక్ష్మి:
పుణెలో ఇంజన్ కాలిబ్రేషన్ నా ఉద్యోగం, కాబట్టి నోరు విప్పుతున్నా. ఇథనాల్ సెన్సర్‌ని తినదు. దాన్ని చంపేవి వేరే ఉన్నాయి: మామూలు సిలికోన్ గ్యాస్కెట్ పేస్టు ఆవిరి, హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండర్‌లోకి దిగే కూలెంట్, కాలే ఇంజన్ ఆయిల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, అందుకే దానికి గాలి తక్కువ చాలు. ఒక వంతు అచ్చమైన పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి కావాలి, ఈ10కి 14.1, ఈ20కి 13.5 దగ్గర. ఈ10కి సెట్ చేసిన బండిలో ఈ20 పోస్తే సెన్సర్ "లీన్" అంటుంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) నాలుగైదు శాతం పెట్రోల్ పెంచుతుంది. సెన్సర్ అబద్ధమాడలేదు, దాని పని అది చేసింది. ఆ నాలుగైదు శాతానికే 0171 రాదు. మీ బండిలో అంతకుముందే ఇంకేదో లీకు ఉండి ఉంటుంది, ఈ20తో గీత దాటింది.

పెట్రోల్_బాధితుడు:
అంటే మైలేజీ పడలేదంటారా? కంపెనీ వాళ్ల భాష ఇలాగే ఉంటుంది. డబ్బులు పోయింది మాకు.

లాంబ్డా_లక్ష్మి:
పడలేదని నేనెక్కడ అన్నాను? ఈ10కి సెట్ చేసిన పాత కార్లలో ఆరేడు శాతం పడుతుందని 2021 నీతి ఆయోగ్ నివేదికలోనే రాశారు. కానీ ఈయనకి పదహారు పన్నెండయింది, అది ఇరవై అయిదు శాతం. మిగతాది ఎక్కడికి పోయిందో చూడొద్దా? తిట్టడం మాని మీ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్ ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో) రీడింగులు పెట్టండి.

డల్లాస్_బావగారు:
ఇక్కడ మాకు లైట్ వెలిగి ఉంటే ఏటా ఎమిషన్ టెస్టులో ఫెయిలే. కోడ్ చెరిపేసి వెంటనే వెళ్లినా కుదరదు: 2001 తర్వాతి బండిలో ఒకటికి మించి మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తి కాకపోతే వెనక్కి పంపేస్తారు. ఇంకొక్క మాట. యూట్యూబ్‌లో సెన్సర్ సిగ్నల్ 0.1 నుంచి 0.9 వోల్టులు అని చూసి అన్ని బండ్లకీ అదే అనుకోకండి. నా టొయోటాలో ముందున్నది ఎయిర్ ఫ్యూయల్ సెన్సర్, స్కానర్‌లో 3.3 దగ్గర నిలుస్తుంది, లీన్ అయితే పైకి పోతుంది. మీ పాత పద్ధతికి పూర్తిగా తిరగేసి.

షెడ్డు_సుబ్బారావు:
ఆయన బండి నూజివీడులో ఉంది బావగారూ, టెక్సాస్‌లో కాదు.

నూజివీడు_రసం:
ఈ గొడవలో నా సంగతి మర్చిపోయారు. వైర్లు నల్లవి రెండు, నీలం, తెలుపు. రాజుగారు చెప్పినట్టు నల్లవాటి మధ్య చూస్తే మీటర్ కదల్లేదు. ఫ్యూజు బాగుంది, బండి వైపు 12 వోల్టులు వస్తున్నాయి. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడిల్‌లో +19, 2500 ఆర్పీఎంలో +5.

రాణిగంజ్_రాజు:
హీటర్ పోయింది, ముందు సెన్సర్ ఒక్కటే మార్చండి. కనెక్టర్‌తో సహా మీ బండిదే అడగండి, అతికించేవి వద్దు. 22 సైజు స్పానర్. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పితే థ్రెడ్ పోదు. కొనకి ఆయిల్ తగలనివ్వకండి.

లాంబ్డా_లక్ష్మి:
ఆగండి, సెన్సర్ మారిస్తే 0135 ఒక్కటే పోతుంది. ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువుండి ఆర్పీఎం పెంచితే తగ్గిందంటే ఎక్కడో గాలి దూరుతోంది. ఇన్‌టేక్ (గాలి లోపలికెళ్లే) వైపు వాక్యూమ్ పైపు చిట్లిందా, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే పైపు) గ్యాస్కెట్ లీకా అన్నదే తేలాలి. మీరు మొదట్లోనే ఘాటు వాసన అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. ప్లగ్గులు విప్పి చూడండి. నల్లగా మసి పట్టి ఉంటే ఇంజన్ నిజానికి రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువై నడుస్తోంది. సెన్సర్‌కి ముందే పైపులో సందుంటే బయటిగాలి లోపలికి లాగుతుంది, సెన్సర్ దాన్ని చూసి లీన్ అంటుంది, ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తుంది. అదే అయితే మీ మైలేజీ అక్కడే కారిపోతోంది.

షెడ్డు_సుబ్బారావు:
ఇది కరెక్టు. పొద్దున్నే చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి మానిఫోల్డ్ దగ్గర వినండి. టిక్ టిక్‌మని మొదలై, వేడెక్కాక తగ్గిపోతే గ్యాస్కెట్టే. చెవితో పట్టేవాళ్లమంటే నవ్వారు కదా.

గ్యాస్_కిట్_గిరి:
బయట సీఎన్‌జీ కిట్ పెట్టించుకున్నవాళ్లు సెన్సర్ వైర్‌ని ఎక్కడ కోసి కలిపారో కూడా చూసుకోండి. మా వీధి మెకానిక్ అయితే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి లీకు పట్టేస్తాడు.

లాంబ్డా_లక్ష్మి:
వేడి మానిఫోల్డ్ పక్కన అది కొట్టి మంటలు తెప్పించుకోవద్దు. చల్ల ఇంజన్ మీద, ఇన్‌టేక్ వైపు మాత్రమే, కొంచెం కొంచెం.

పెట్రోల్_బాధితుడు:
చివరికి గ్యాస్కెట్ అంటున్నారు. గ్యాస్కెట్ ఎందుకు పోయిందో కూడా చెప్పండి మరి. ఈ20.

రాణిగంజ్_రాజు:
పెట్రోల్‌కీ ఎగ్జాస్ట్ గ్యాస్కెట్‌కీ ఏం సంబంధం సామీ! అది ఏళ్ల తరబడి వేడికి పోతుంది.

పెట్రోల్_బాధితుడు:
నీ వ్యాపారం బాగుంటే చాలు నీకు.

సభా_నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు రెండు తీసేశాం. ఈ20కి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ కొట్టుకోండి. పొల్యూషన్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి: బీఎస్4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో సీవో (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (కాలని హైడ్రోకార్బన్లు) 200 పీపీఎం మించకూడదు. 2500 ఆర్పీఎం దగ్గర సీవో 0.2, లాంబ్డా (కావాల్సిన గాలికి అందిన గాలి నిష్పత్తి) 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. రిచ్‌గా నడుస్తున్న బండి అక్కడ దొరికిపోవచ్చు, ముందు రిపేరు కానివ్వండి.

కరీంనగర్_రైడర్:
అన్నలూ, నాది బీఎస్6 బైక్. సౌండ్ కోసం బయటి సైలెన్సర్ పెట్టించిన సంది లైట్ వెలుగుతోంది. ఓటూ సెన్సర్ వైర్ ఊరికే వేలాడుతోంది, దాన్ని ఎక్కడ పెట్టాలి?

షెడ్డు_సుబ్బారావు:
ఆ సైలెన్సర్‌కి సెన్సర్ బిగించే కన్నం లేదు తమ్ముడూ. పాతది ఉందా?

కరీంనగర్_రైడర్:
అమ్మేసిన అన్నా.

రాణిగంజ్_రాజు:
మోడల్, సంవత్సరం మెసేజ్ పెట్టు. సెన్సర్ బాస్ (బిగించే కన్నం) వెల్డింగ్ చేసి ఉన్న బెండ్ పైపు దొరికితే చెప్తా.