చారు పెడతామా, కాస్తామా?

(తమిళనాట ఉంటున్న తెలుగువాళ్ళ ముచ్చట. మాట్లాడేవారిని వాళ్ళ పేట, ఊరి పేర్లతో చూపాం.)

వేళచ్చేరి:
తమిళుల ఐప్పసి నెల వానలు మొదలయ్యాయి, చెన్నైలో ఏ ఇంట విన్నా దగ్గులూ గొంతు గరగరలే. తమిళులు "రసం వెచ్చాచ్చా?" అని అడుగుతారు. మనవాళ్ళలో కొందరు "చారు పెట్టారా?" అంటారు, కొందరు "చారు కాచారా?" అంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు "రసం చేశారా?" అంటున్నారు. వీటిలో అసలు మనది ఏది? పెద్దవాళ్ళు చెప్పాలి. పనిలో పనిగా సరైన చారు కొలతలు కూడా ఎవరైనా రాస్తే మేలు.

మాంబళం:
తెలుగులో "చేయు" అన్నది ఉన్నా, ఏ వంటకు తగ్గ క్రియ దానికి వాడటం మన అలవాటు. అన్నం వండుతాం, గంజి వారుస్తాం, జావ కాస్తాం, సంకటి కెలుకుతాం, పచ్చడి నూరుతాం, అట్టు పోస్తాం, పెరుగు తోడుపెడతాం. ఆ క్రియ చెవిన పడగానే వంటింట్లో చెయ్యి ఏం చేస్తోందో తెలిసిపోతుంది. అన్నిటికీ "చేయు" తగిలిస్తే ఆ జాడ పోతుంది. అందుకని "చారు చేశాను" తప్పు కాకపోయినా బోసిగా ఉంటుంది.

"చారు పెట్టు"కు తమిళంలో సరిజోడీ ఉంది: రసం వైక్కిఱదు, కుళంబు వైక్కిఱదు. వై అంటే పెట్టు. మనమూ చారు పెడతాం, పులుసు పెడతాం. అంటే మీరు విన్న "వెచ్చాచ్చా"కు అచ్చ తెలుగు "పెట్టారా" అన్నదే.

"కాచు" దారి వేరు. పాలు, నెయ్యి, జావ, కషాయం కాస్తాం. అక్కడ గిన్నె దగ్గరే నిలబడి, మంట కనిపెట్టుకుని, రంగో చిక్కదనమో మారేదాకా ఉంచాలి. అందుకే ఉలవచారుకు "కాచు" బాగా నప్పుతుంది, మిరియాల చారుకు "పెట్టు" నప్పుతుంది.

అంబత్తూరు:
మాస్టారూ, ఒక్క మాట. పల్చటి టమాటా చారును కూడా "కాస్తాం" అనే ఇళ్ళు చాలా ఉన్నాయి. అవి తప్పంటే ఒప్పుకోలేం.

మాంబళం:
తప్పనడం లేదండీ. "కాచు" చారు అంతటికీ చెల్లుతుంది. "పెట్టు" మాత్రం అన్నిటికీ చెల్లదు. ఉలవచారు "పెట్టాను" అంటే వినేవారికి ఏదో పల్చటి నీళ్ళచారు గుర్తుకొస్తుంది. పచ్చిపులుసుకైతే కాచడం పొసగనే పొసగదు, దానికి పొయ్యితో పనే లేదు. పిసుకుతాం, కలుపుతాం, అంతే.

పెరంబూరు:
వేళచ్చేరి తమ్ముడికి కొలతలు. నలుగురికి సరిపడా మిరియాల చారు.

చింతపండు ఉసిరికాయంత, తూకంలో 15 గ్రాములు. 200 మి.లీ. వేడినీళ్ళలో పావుగంట నానేసి పిసికి పిప్పి తీసెయ్యాలి. నాటు టమాటాలు రెండు. కోయంబేడు మార్కెట్లోనైనా వీధి చివరి కొట్లోనైనా "నాట్టు తక్కాళి" అని అడగండి. "బెంగళూరు తక్కాళి" అని అమ్మేవి గట్టిగా, నున్నగా ఉంటాయి. కూరకు బాగుంటాయి గానీ చారుకు పులుపు చాలదు, రసమూ దిగదు. అవే దొరికితే మూడు వేసుకుని, చింతపండు ఇంకో 5 గ్రాములు పెంచండి.

టమాటాలు చేత్తో చిదిమి, చింతపండు పులుసులో వేసి, పావు చెంచా పసుపు, ఒకటింపావు చెంచా ఉప్పు, రెండు రెమ్మల కరివేపాకు వేసి పొయ్యి మీద పెట్టాలి. ఇది బాగా మరగాలి, ఎనిమిది నుంచి పది నిమిషాలు. పచ్చివాసన పోవాల్సింది ఇక్కడే. ఈలోపు చెంచాడు మిరియాలు, చెంచాడు జీలకర్ర, నాలుగు పొట్టు వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తటి పొడి వద్దు. మిక్సీ అయితే రెండు తిప్పులు చాలు.

తర్వాత అర లీటరు నీళ్ళు పోసి, దంచింది వేసి, మంట తగ్గించండి. ఇక్కణ్ణుంచి మరగకూడదు. గిన్నె అంచుల వెంట తెల్లటి నురగ పుట్టి, మెల్లగా మధ్యకు జరుగుతుంది. నురగ మొత్తం పైకి కప్పేసి ఒక్కసారి పైకి లేవబోతుందే, అప్పుడు ఆపేయాలి. గరిటె పెట్టి తిప్పకూడదు, తిప్పితే నురగ విరిగి ఎప్పుడు దించాలో తెలీదు. కొత్తిమీర తుంచి వేసి మూత పెట్టండి. చెంచాడు నెయ్యిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేయించి ఆ మూత తీసి పోసి, మళ్ళీ వెంటనే మూత. పది నిమిషాలు ఆగి వడ్డించండి.

వేళచ్చేరి:
అక్కా, చాలా థాంక్స్. చాలామంది చారు చివర్లో కాస్త చేదుగా, గొంతులో మంటగా ఉంటుందని చెబుతుంటారు. ఎందుకంటారు? నిమ్మకాయంత చింతపండు అని రాసి ఉంటుంది కదా కొన్నిచోట్ల, మీరు ఉసిరికాయంత అన్నారు.

పెరంబూరు:
చేదుకు మామూలుగా మూడు కారణాలు. పోపులో ఆవాలో ఇంగువో మాడటం, మొదటిది. మిరియాలు జీలకర్ర వేశాక అయిదు పది నిమిషాలు మరగనివ్వడం, రెండోది. జీలకర్ర సువాసన ఆవిరితో వెళ్ళిపోతుంది, ఘాటు మాత్రం మిగులుతుంది. అందుకే ముందు మరగనిచ్చేది పులుసు, తర్వాత పొంగనిచ్చేది చారు. మూడోది వెల్లుల్లి మాడటం. వేయించి వేసేవారు ఎర్రబడేలోపు తీసెయ్యాలి.

నిమ్మకాయంత అంటే 25 నుంచి 30 గ్రాములు వస్తుంది. అది పులుసుకు కొలత. టమాటా కూడా పడే చారుకు అంత వేస్తే పులుపు మిరియాన్ని మింగేస్తుంది. నల్లబడ్డ పాత చింతపండు అయితే చారు రంగు కూడా నల్లబడుతుంది, కొంచెం తక్కువే వేసుకోండి.

సౌకార్‌పేట:
"రసం" మాట మీద ఎవరూ ఏమీ అనలేదు. రసం సంస్కృతం, తెలుగులో చాలా కాలంగా ఉంది. నవరసాలు, పాదరసం, చెరకు రసం, నిమ్మరసం. ఆంధ్రలో ఎండాకాలం "రసాలు వచ్చాయా?" అని అడిగితే మామిడిపళ్ళ సంగతి. చిన్నరసం, పెద్దరసం అని రకాల పేర్లే ఉన్నాయి. అందుకే మనకు చారుకి వేరే పేరు అవసరమైంది, ఆ పేరు మనకు సొంతంగా ఉంది కూడా.

ఆ పేరు ఒక్క మనదే కాదు. తమిళంలో సాఱు అంటే పిండిన రసం. కన్నడంలో సారు అంటే అన్నంలోకి పోసుకునేదే. శ్రీవైష్ణవుల ఇళ్ళల్లో రసాన్ని సాత్తముదు అంటారు. అది సాఱు, అముదు కలిసిన మాట. అముదు అంటే అమృతం. మైలాపూరు, తిరువల్లిక్కేణి వైపు ఈ మాట ఇంకా వినిపిస్తుంది. కాబట్టి పిల్లలు రసం అంటే కంగారు పడక్కర్లేదు గానీ, చారు అనే మాట వాళ్ళ నోట నిలబెట్టండి. అది మూడు భాషల చుట్టరికం.

ఇంగ్లీషువాళ్ళు ఈ ఊరినుంచి పట్టుకెళ్ళిన "మలిగటానీ" సూపు కూడా తమిళ "మిళగు తణ్ణీర్" పేరే, అంటే మిరియాల నీళ్ళు. అక్కడ దాంట్లో మాంసం, పిండి, ఇంకా ఏవేవో చేరి అసలు సంగతి మారిపోయింది.

మాంబళం:
దానికి ఒక చేర్పు. చారు ఎలా పలకాలో కూడా పిల్లలకు నేర్పండి. సంస్కృతంలో "చారు" అంటే అందమైన అని అర్థం. "చారుశీల"లో ఉన్నది అదే, అక్కడ చ తాలవ్యం, నాలుక అంగిలికి తగులుతుంది. అన్నంలోకి పోసుకునే చారులో చ దంత్యం, నాలుక కొస పళ్ళ దగ్గర ఉంటుంది. పాత పుస్తకాల్లో చ మీద తెలుగు రెండంకె పెట్టి "ౘారు" అని వేరుగా చూపేవారు. అచ్చ తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓల ముందు చ దంత్యం: చాప, చుక్క, చోటు. ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యం: చిలుక, చెట్టు. చెన్నైలో తమిళ బడికి వెళ్ళే పిల్లలు చారును "సారు" అనో, చారుశీలలో చారులా అనో పలుకుతారు. రెండు మూడు సార్లు పక్కపక్కన పలికించి వినిపిస్తే చాలు, పట్టేస్తారు.

హోసూరు:
కన్నడం పక్కనే ఉంటాం కాబట్టి చెబుతున్నాను. బెంగళూరులో తిళిసారు అంటే మన తేట చారు. బస్సారు అంటే పప్పూ ఆకుకూరా ఉడికించి, ఆ నీళ్ళు వంచి, వాటితో పెట్టేది. బసి అంటే వంచు. మన "కట్టు" కూడా అదే పని. బొబ్బట్లకు శనగపప్పు ఉడికించి వంచిన నీళ్ళు కట్టు. ఆ నీళ్ళతో పెట్టిందే కట్టు చారు. మరాఠీలో "కట్" అంటారు, "కటాచీ ఆమ్టీ" అంటే కట్టు పులుసే. పావు కిలో శనగపప్పుకు ఒక లీటరు నీళ్ళు పోసి, పప్పు పట్టుకుంటే నలిగేలా, కానీ చిదిరిపోకముందే వంచితే అర లీటరు దాకా కట్టు వస్తుంది. పప్పు మెత్తగా పోతే కట్టు చిక్కబడి చారు అడుగున పేరుకుంటుంది, పూర్ణం కూడా నీరు పట్టి బొబ్బట్టు విరుగుతుంది. రెండు వంటలూ ఒక్క క్షణంలో చెడేది అక్కడే. కట్టు చారుకు ఒక చెంచాడు పూర్ణం వదిలితే తీపి తగులుతుంది, చాలా బాగుంటుంది.

అంబత్తూరు:
ఉలవచారు కొలత కూడా ఉంటే బాగుంటుంది కదా. ఇక్కడి కొట్లలో ఉలవలను "కొళ్ళు" అని అడగాలి, కన్నడంలో హురుళి. పావు కిలో ఉలవల్లో మట్టిబెడ్డలు ఏరి, నాలుగు నీళ్ళు కడిగి, రాత్రంతా నానబెట్టాలి. రెండు లీటర్ల నీళ్ళతో కుక్కర్లో రెండు విడతలుగా పెట్టి, పది కూతల తర్వాత సన్నమంట మీద అరగంట ఉంచి వడకట్టాలి. ఉలవలు ఉడికేదాకా చింతపండు వేయకూడదు. పులుపు తగిలితే గింజ గట్టిపడి మెత్తబడదు, సారం దిగదు.

వడకట్టిన నీళ్ళలో నిమ్మకాయంత చింతపండు గుజ్జు, చీల్చిన పచ్చిమిర్చి, ఉప్పు వేసి సన్నమంట మీద కాచాలి. సగానికి ఇగిరి, గరిటె ముంచి తీస్తే వెనకవైపు పూతలా నిలిస్తే అయినట్టు. మంట పెంచితే అడుగంటుతుంది, ఆ వాసన మొత్తం పట్టేస్తుంది, ఏం చేసినా పోదు. తమిళుల కొళ్ళు రసం ఇంత ఇగర్చరు, అది పల్చగానే ఉంటుంది. గిన్నెలో పోసి మీగడో వెన్నో వేసుకుంటే ఉలవచారు రుచి తెలుస్తుంది. మిగిలిన ఉలవలు తాలింపు వేసి గుగ్గిళ్ళుగా తినొచ్చు.

వేళచ్చేరి:
ఇంకో మాట అడగాలి. ఈ వాన పూట వేడి చారు తాగితే కలిగే ఆ హాయికి మనకు మాట ఏదైనా ఉందా? అందరూ "కంఫర్ట్ ఫుడ్" అంటున్నారు.

సౌకార్‌పేట:
హితవు. "నోటికి హితవుగా ఉంది" అంటాం. జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉన్నప్పుడు ఏం పెట్టినా రుచించదు, చారన్నం మాత్రం హితవుగా ఉంటుంది. ఆ మాటలో రుచి ఒక్కటే కాదు, మేలు కూడా ఉంది. ఇంకా గట్టిగా చెప్పాలంటే "ప్రాణం లేచొచ్చింది". ఎండలో తిరిగొచ్చి మజ్జిగ తాగినా, వానలో తడిసొచ్చి చారు తాగినా ఇదే మాట. "ఒంటికి పట్టింది" అనేది వేరు, అది బలానికి సంబంధించింది.

పెరంబూరు:
హితవుగా ఉండాలంటే అన్నం మెత్తగా వండాలి. పొడిపొడి అన్నంలో చారు నిలవదు. రెండు గరిటెల అన్నం గిన్నెలోనే వేళ్ళతో మెదిపి, వేడి చారు పోసి రెండు నిమిషాలు నానిస్తే చాలు. జ్వరం మనిషికి చింతపండు సగం తగ్గించి మిరియం అలాగే ఉంచండి.

హోసూరు:
తమిళుల ఈయచొంబు గురించి ఎవరైనా చెబుతారా? చారుకు మంచిదంటారు. కొనొచ్చా?

మాంబళం:
అది తగరపు గిన్నె. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెడితే అడుగు కరిగి చిల్లు పడుతుంది. ముందు నీళ్ళు పోసి తర్వాతే వెలిగించాలి, సన్నమంట, చారు సగానికి తగ్గకముందే దించేయాలి. పోపు వేరే బాణలిలో వేయించి పోయాలి. కొనేటప్పుడు సీసం కలవని శుద్ధ తగరమేనని నమ్మకమైనచోటే కొనండి. సీసం కలిస్తే పులుపు దాన్ని లాగుతుంది. తమిళంలో ఈయం అన్న మాట సీసానికీ తగరానికీ కూడా చెల్లుతుంది కాబట్టి, కొట్లో "వెళ్ళీయం" అని విడమరిచి అడగండి. స్టీలు గిన్నె అయినా చారుకు నష్టమేమీ లేదు.

వేళచ్చేరి:
మిగిలిన చారును రాత్రికి మళ్ళీ కాయొచ్చా?

పెరంబూరు:
కాయకండి, వెచ్చబెట్టండి. వెచ్చబెట్టడం అంటే ఆవిరి కనబడగానే ఆపేయడం, పొంగుదాకా కూడా వెళ్ళక్కర్లేదు. రెండోసారి మరిగితే పులుపు ముదిరి, అడుగున చేరిన మిరియాల పిప్పి కారాన్ని ఇంకా చారులోకి దించుతుంది. పైన తేట మాత్రం వంచుకుని, దాన్నే వెచ్చబెట్టి, రెండు కొత్తిమీర ఆకులు కొత్తగా తుంచి వేసుకోండి. అడుగు మడ్డిని రేపటి పప్పులో కలిపేయొచ్చు.