నవంబర్ 1 ప్రోగ్రామ్ – స్లౌ (ఇంగ్లండ్) వాలంటీర్లు

సెక్రటరీ – సోమవారం రాత్రి 9:40
అందరికీ నమస్కారం. శనివారం దగ్గర పడింది. మిగిలిన పనులు: మైకు, ప్రొజెక్టర్ ఖమ్మం తమ్ముడు. పులిహోర, గారెలు, పెరుగన్నం బెజవాడ వదిన. ఒకప్పటి మన స్లౌ ఎంపీ బ్రాక్‌వే గారి మీద పిల్లల నాటకం అనంతపురం అక్క. ఆయన మీదే పది నిమిషాల ప్రసంగం బాబాయ్ గారు (పది అంటే పదే బాబాయ్ గారూ). హాలు బాకీ ట్రెజరర్. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రేపటికల్లా చెప్పండి.

బెజవాడ వదిన – 9:52
120 మందికి గారెలంటే పప్పు శుక్రవారమే నానబెట్టాలి. గ్రైండర్ ఇంకొకటి కావాలి. ఎవరింట్లో ఉందో చెప్పండి, మళ్ళీ శనివారం పొద్దున ఫోన్లు చేయించకండి.

ట్రెజరర్ – 10:15
వదినగారూ, పప్పు ఆపండి. హాలు వాళ్ళ మెయిల్ ఇప్పుడే చూశా. మన పోస్టర్ చూశారట. వాళ్ళ రూల్స్ ప్రకారం రాజకీయ సభలకు హాలు ఇవ్వరట, బుకింగ్ రద్దు అంటున్నారు. అడ్వాన్సు సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు.

సెక్రటరీ – 10:17
రాజకీయ సభ ఏంటి? మనది పులిహోర సభ కదా!

ట్రెజరర్ – 10:20
పోస్టర్ చూడండి. ఎర్ర బ్యాక్‌గ్రౌండు, మధ్యలో పిడికిలి. కింద ఇంగ్లీషులో ‘సోషలిస్టు, లేబర్ ఎంపీ’ అని అంతంత అక్షరాలు. ఎవరికైనా ఎన్నికల మీటింగులాగే కనిపిస్తుంది.

ఖమ్మం తమ్ముడు – 10:24
ఆయన సోషలిస్టే, ఎంపీయే. ఆకుపచ్చ రంగేసి ‘ప్రముఖ పెద్దమనిషి’ అని రాయమంటారా?

బెజవాడ వదిన – 10:31
నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. మన అవతరణ దినోత్సవానికి ఈ దొర ఎందుకు? పొట్టి శ్రీరాములు గారి మీద నాటకం వేస్తే ఎవరు కాదంటారు?

ఖమ్మం తమ్ముడు – 10:33
వదినా, అవతరణ మీది. మాది జూన్ 2. నవంబర్ 1న నేను మైకు మోస్తున్నదే ఈయన పుట్టినరోజు కూడా అదేనని.

బెజవాడ వదిన – 10:34
ఓహో. అయితే పులిహోర కూడా జూన్ 2నే తిను.

సెక్రటరీ – 10:35
అమ్మా, అయ్యా, ఆ చర్చ ఇక్కడ వద్దు. హాలు సంగతి చూడండి.

బాబాయ్ గారు – మంగళవారం ఉదయం 6:10
రాత్రి నిద్ర పట్టక హాలు వాళ్ళకు ఉత్తరం రాశాను. సారాంశం చూడండి. ఫెన్నర్ బ్రాక్‌వే 1888లో కలకత్తాలో పుట్టారు, తల్లిదండ్రులు మిషనరీలు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిర్బంధ సైనిక సేవను వ్యతిరేకించి జైలుకు వెళ్ళారు. 1927లో కాంగ్రెస్ మహాసభకని మద్రాసు వచ్చి, కారు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉంటే గాంధీగారు వెళ్ళి చూశారు. 1929లో ఎంపీ అయ్యారు. 1950 నుంచి 14 ఏళ్ళు మన స్లౌ ఎంపీ. 1954లో వలసల విముక్తి కోసం సంస్థ పెట్టారు. 1988లో, నూరేళ్ళకు ఆరు నెలల ముందు పోయారు. మరుసటి ఏడు భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. కనుక ఇది రాజకీయ కార్యక్రమం కాదని మనవి.

ఖమ్మం తమ్ముడు – 7:45
బాబాయ్, ఇందులో రాజకీయం కానిది ఏది?

బాబాయ్ గారు – 7:47
కారు ప్రమాదం.

ట్రెజరర్ – మధ్యాహ్నం 1:05
ఉత్తరం పంపి, ఫోన్ కూడా చేశా. కొంచెం మెత్తబడ్డారు. నాటకం, ప్రసంగం రెండూ తీసేసి, రేపు మధ్యాహ్నంలోపు సంతకం పెట్టిస్తే హాలు ఇస్తారట. డాన్సులు, భోజనం పెట్టుకోవచ్చు. లేదంటే అడ్వాన్సులో సగమే వెనక్కి. నా ఓటు సంతకానికే. అకౌంట్లో ఎంతుందో మీకు తెలుసు.

బెజవాడ వదిన – 1:12
నాది కూడా. ఆయన మీద కోపమేం లేదు. వచ్చేవాళ్ళు భోజనానికి వస్తారు.

అనంతపురం అక్క – 1:40
ఇంతసేపూ ఊరుకున్నా. పిల్లలకు ఎవరు చెప్తారు? మొదటి సీనులో వాల్టన్ జైల్లో టాయిలెట్ పేపరు మీద పత్రిక రాస్తున్నట్టు మా చిన్నోడు రోలు మొత్తం నింపేశాడు, వాడి చేతిరాత ఒక్కసారైనా చూశారా? రెండో సీనుకు రోకలికి బంగారు కాగితం చుట్టి రాజదండం చేశాం. అద్దాలు కూడా అతికించింది ఆ పిల్ల. ఇప్పుడు డాన్సులు చాలంటారు. అయితే డాన్సులు కూడా మీరే చేసుకోండి.

(అనంతపురం అక్క గ్రూపు నుంచి వెళ్ళిపోయారు)

సెక్రటరీ – 1:42
అయ్యో.

కొత్త మెంబర్ – 2:05
నేను కొత్తగా వచ్చాను, ఏమనుకోకండి. రోకలి దేనికి?

ఖమ్మం తమ్ముడు – 2:20
1930 జులైలో బ్రిటిష్ పార్లమెంటులో ఇండియా మీద చర్చ పెట్టాలని బ్రాక్‌వే పట్టుబట్టి కూర్చోడు. స్పీకర్ మాట వినలేదని సస్పెండ్ చేశారు. అప్పుడు జాన్ బెకెట్ అనే ఎంపీ లేచి, టేబుల్ మీదున్న రాజదండం ఎత్తుకుని బయటికి నడిచాడు. అది లేకపోతే సభ నడవదు. గుమ్మం దగ్గర లాక్కున్నారనుకో. ఆ బెకెట్ తర్వాత ఇక్కడి ఫాసిస్టుల నాయకుడు మోస్లీతో కలిసి ఫాసిస్టు అయ్యాడు, ఆ ముక్క నాటకంలో పెట్టలేదు. బ్రాక్‌వేని పార్లమెంటులోంచే పంపేశారు, ఈ హాలెంత?

బెజవాడ వదిన – 2:31
స్లౌలో 14 ఏళ్ళు అన్నారు కదా. మరి 64లో ఎందుకు ఓడాడు?

బాబాయ్ గారు – 2:50
11 ఓట్లతో తల్లీ. పదకొండే. రంగు చూసి వివక్ష చూపడాన్ని చట్టవిరుద్ధం చేయాలని 1956 నుంచి తొమ్మిదిసార్లు బిల్లు పెట్టారు, ఒక్కటీ పాస్ కాలేదు. ఆ ఎన్నికల్లో వలసవాళ్ళ మీద కోపం బాగా పనిచేసింది. స్మెథిక్ అనే ఊళ్ళోనైతే ఆ ప్రచారంతోనే ఒకాయన గెలిచాడు. బ్రాక్‌వే ఓడి పార్లమెంటు ఎగువసభ లార్డ్స్‌కు వెళ్ళారు. మరుసటి ఏడే లేబర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. కానీ అది హోటళ్ళు, పబ్బుల్లాంటి చోట్లకే. అద్దె ఇళ్ళకు, ఉద్యోగాలకు 1968 దాకా ఆగాల్సి వచ్చింది. మా మావయ్య ఇక్కడికొచ్చింది 66లో. గది చూపించడానికే తలుపు తీసేవాళ్ళు కాదట.

బెజవాడ వదిన – 3:30
ఇదంతా పోస్టర్ మీద పిడికిలికి బదులు రాస్తే నేను అప్పుడే ఒప్పుకునేదాన్ని.

బెజవాడ వదిన – 3:34
సరే, సంతకం పెట్టకండి. అక్కకు నేను ఫోన్ చేస్తా.

ట్రెజరర్ – 3:36
మరి అందర్నీ ఎక్కడ కూర్చోబెడతాం? నా గ్యారేజీలోనా?

ఖమ్మం తమ్ముడు – 3:41
లండన్‌లో రెడ్ లయన్ స్క్వేర్‌లో ఆయన విగ్రహం ఉంది. ఆయన బతికుండగానే, 1985లో పెట్టారు. చెయ్యి చాచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పొద్దున పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడే నాటకం వేద్దాం. మైకు లేకుండా, చిన్నగా.

సెక్రటరీ – 3:44
నవంబర్‌లో, పార్కులో, నాటకమా? వానొస్తే?

బెజవాడ వదిన – 3:47
వానకు భయపడేవాళ్ళు స్లౌలో ఉంటారా? రాజదండానికి ఒక ప్లాస్టిక్ కవరు తొడగండి.

(బెజవాడ వదిన అనంతపురం అక్కను చేర్చారు)

అనంతపురం అక్క – 4:20
పిల్లలు వస్తారు. గాంధీ వేషం వాడికి మాత్రం పంచె కింద థర్మల్స్ వేస్తా, ఎవరూ నవ్వకూడదు. టాయిలెట్ పేపరు తడిస్తే ఊరుకోను.

ట్రెజరర్ – 4:35
సాయంత్రం భోజనం మా ఇంట్లో సగం, సెక్రటరీ గారింట్లో సగం. ఎదురెదురు ఇళ్ళే కదా. ప్రొజెక్టర్ కాన్సిల్, డెకరేషన్ కాన్సిల్. అడ్వాన్సులో పోయే సగం గురించి మీటింగులో మాట్లాడుకుందాం, ఇక్కడ కాదు.

బాబాయ్ గారు – 4:50
ప్రసంగం?

సెక్రటరీ – 4:51
విగ్రహం దగ్గర. ఐదు నిమిషాలు. చలి.

బెజవాడ వదిన – శుక్రవారం రాత్రి 10:05
గారెలు లేవు. పులిహోర ఒక్కటే, ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకుని రాత్రే పట్టుకెళ్ళండి. తమ్ముడూ, నీకు పక్కన పెట్టాను, జూన్ దాకా ఆగక్కర్లేదు.

ఖమ్మం తమ్ముడు – 10:09
వస్తున్నా వదినా. గ్రైండర్ తెచ్చా, అది మాత్రం ఎవరికీ అక్కర్లేదు ఇప్పుడు.

కొత్త మెంబర్ – 10:30
మా అత్తగారు మెట్లు ఎక్కలేరు. విగ్రహం దగ్గరి హోల్బర్న్ స్టేషన్‌లో లిఫ్ట్ ఉందా?

ట్రెజరర్ – 10:33
హోల్బర్న్ వద్దండి, అక్కడ ఎస్కలేటర్లే. స్లౌలో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగండి, పైదాకా లిఫ్ట్ ఉంది. అక్కణ్ణుంచి మెల్లగా నడవొచ్చు. 9:30కి స్లౌ స్టేషన్ బయట కలుద్దాం. రోకలి పట్టుకున్న పిల్ల ఎక్కడుంటే అక్కడికి రండి.