వంద రూపాయల సరుకు ఆన్‌లైన్లో అమ్మితే మిగిలేదేమైనా ఉందా, లేక ఉత్త ఊడిగమా?

గుణుపురం_గుంటడు:
అందరికీ నమస్కారం. సూరత్ నుంచి వచ్చేసి రెండు నెలలైంది, మళ్లీ వెళ్లే ఆలోచన లేదు. మా ఆవిడ ఆన్‌లైన్లో బొట్టుబిళ్లలు, క్లిప్పులు, కాటుక లాంటి చిన్న సామాన్లు పెడదాం అంటంది, అన్నీ 99, 149 లోపువే. మా బావేమో వందలోపు సరుకులో డెలివరీ కుర్రోడికి మిగుల్తాది గానీ నీకు మిగలదురా అని నవ్వుతున్నాడు. చేతిలో 15 వేలున్నాయి, అంతే. చేసినోళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి, వీడియోల్లో నెలకి లక్ష కబుర్లు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

కొట్టు_కామయ్య:
బాబూ మీ బావ మాట విను. పర్లాకిమిడిలో ఫాన్సీ కొట్టు పెట్టి నాకు 22 ఏళ్లు. బొట్టుబిళ్లల అట్ట 5 రూపాయలు, అందులో నాకు రూపాయిన్నర. మనిషి వస్తాది, చూస్తాది, బేరమాడతాది, తీసుకుపోతాది, అక్కడితో సరి. అదే అట్టకి నువ్వు కవరేసి, లేబులేసి, టేపేసి వెయ్యి కిలోమీటర్లు పంపి, ఆవిడ రంగు బాలేదని తిప్పి పంపితే ఎవడి జేబు? ఇంకో సంగతి, మా వీధి ఆడోళ్లు పగలు ఇంట్లో ఉండరని పార్సిల్ అడ్రస్ నా కొట్టు ఇస్తారు. నా కొట్లో వేలాడుతున్న క్లిప్పే నా కొట్టుకి పార్సిల్‌గా వస్తాది, నేనే తీసుకుని సాయంత్రం దాకా దాచి ఇస్తాను. ఇదేటి యవ్వారం?

రాయగడ_రైలు:
హహ మావా, పార్సిల్‌కి 5 రూపాయలు దాపుడు కూలి పెట్టు, బొట్టుబిళ్లల కంటే అదే నయం

బరంపురం_పార్సిల్:
తమ్ముడూ నేను మూడేళ్లుగా చేస్తున్నాను, బొట్టుబిళ్లలతోనే మొదలెట్టాను, నా లెక్క ఉన్నదున్నట్టు పెడతాను. ఢిల్లీ సదర్ బజార్ హోల్‌సేల్ సరుకు, 12 అట్టల ప్యాక్ రవాణాతో కలిపి 31 పడతాది. కవరూ లేబులూ టేపూ 4. యాప్ వాళ్లు నా ఖాతాలో వేసేది 68. అంటే మిగులు 33, అందరూ ఇక్కడే ఆగిపోయి సంబరపడతారు, అదే తప్పు. వంద పంపితే నాకు 82 నిలుస్తాయి. 13 గుమ్మం దగ్గరే వద్దంటారు, క్యాష్ ఆన్ డెలివరీ కదా, ఆవిడ ఆర్డర్ పెట్టిన సంగతే మర్చిపోతాది. మా యాప్‌లో వాటికి రవాణా మన మీద వెయ్యరు, కవరు పోతాది, ఓ నాలుగు ప్యాకెట్లు నలిగిపోయి వస్తాయి. తీసుకుని రెండ్రోజులాగి వెనక్కిచ్చేవి 5, వాటితోనే చావు, ఒక్కోదానికి 150 కోసేస్తారు, సరుకూ కవరూ పోతాయి. మొత్తం నష్టం 1101. 82 ముప్పైమూళ్లు 2706, అందులో ఇది తీస్తే 1605. ఆర్డర్‌కి 16 రూపాయలు. రోజుకి 20 ఆర్డర్లు, నెలకి 9630. లక్ష కాదు, సున్నా కూడా కాదు.

గుణుపురం_గుంటడు:
అన్నా ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు, థాంక్స్. కమీషన్ లేదా మరి?

బరంపురం_పార్సిల్:
మీషో 2021లోనే కమీషన్ ఎత్తేసింది. అమెజాన్ కూడా 2025 ఏప్రిల్ నుంచి 300 లోపు సరుక్కి చాలా వాటి మీద రిఫరల్ ఫీజు, అంటే వాళ్ల కమీషనే, తీసేసింది. చిన్న సామాన్లోళ్లకి గాలి ఇటు తిరిగింది.

కొట్టు_కామయ్య:
కమీషన్ సున్నా అంటే ఖర్చు సున్నా అని ఎవరు చెప్పారు, ఒక చేత్తో వదిలి ఇంకో చేత్తో రవాణా అని పట్టుకుంటారు. అదుండనీ. కవరూ లేబులూ టేపూ కలిపి 4 అన్నావు. నేను కవర్లు అమ్మేవాణ్ణి బాబూ. కవరే రెండున్నర, లేబుల్ కాగితం, ప్రింటర్ రంగు, టేపు, 7కి తక్కువ అవ్వదు.

బరంపురం_పార్సిల్:
మావా నేను కవర్లు వెయ్యి లెక్కన తెస్తాను, ప్రింటర్ థర్మల్‌ది, రంగే అక్కర్లేదు. 4.

కొట్టు_కామయ్య:
ప్రింటర్ ఎవడిచ్చాడు, ఆకాశం నుంచి ఊడిపడిందా? దాని అరుగుదల కట్టావా?

బరంపురం_పార్సిల్:
నీ కొట్లో ఫ్యాను అరుగుదల కట్టావా?

లెక్కల_మేష్టారు:
కవర్ల గొడవ ఆపండి, అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదు. జీఎస్టీ. 1 అక్టోబర్ 2023 నుంచి చిన్న వ్యాపారులు జీఎస్టీ నంబర్ లేకుండా ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని యాప్‌లలో అమ్ముకోవచ్చు, ఏడాదికి 40 లక్షల లోపుంటే. కానీ సొంత రాష్ట్రంలోనే. అంటే కామయ్య గారు పర్లాకిమిడి నుంచి మన ఒడిశాలోనే ఉన్న మల్కన్‌గిరికి పంపొచ్చు, కాలి నడకన పోయొచ్చే ఆంధ్రా పాతపట్నంకి పంపకూడదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు గీసిన గీత ఈ రోజుకీ బొట్టుబిళ్లల ప్యాకెట్‌కి అడ్డం నిలబడింది.

జయపురం_అప్ప:
మేష్టారూ నిజమే, నేను అప్పడాలు అమ్ముతాను, నా కొనుగోలుదార్లంతా ఆంధ్రాలోనే, సాలూరు, విజయనగరం. ఒడియావాళ్లు అప్పడాలు కొనరని కాదు, వాళ్ల ఇళ్లలో వాళ్లే చేసుకుంటారు.

బరంపురం_పార్సిల్:
మేష్టారూ బొట్టుబిళ్లలకి పన్నే సున్నా కదా. కుంకం, బొట్టు, పారాణి అన్నీ సున్నాలోనే ఉన్నాయి, ఉత్త పన్నులేని సరుకే అమ్మేవాడికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు, పుస్తకాలోళ్లు అలగే అమ్ముతున్నారు.

లెక్కల_మేష్టారు:
ఉత్త అవే అమ్మితే. ఆ కుర్రాడు క్లిప్పులు కూడా అన్నాడు. ఒక్క క్లిప్పు చేరిందా మొత్తం లెక్క మారిపోయింది. మొదటి పోస్టు మళ్లీ చదవండి.

గుణుపురం_గుంటడు:
పోస్టాఫీసు నుంచి పంపితే ఎలగ ఉంటాది? బొట్టుబిళ్లలు 30 గ్రాములే, కవర్లో పెట్టి పంపేస్తే సరిపోదా

రాయగడ_రైలు:
2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిపేశారు తమ్ముడూ. అక్టోబర్ నుంచి స్పీడ్ పోస్టు 50 గ్రాముల లోపు లోకల్ అయితే 19, బయట ఊళ్లకి 47, పైన జీఎస్టీ. 31 రూపాయల సరుక్కి 55 రూపాయల బండి. అదీ ఆ రేటు డాక్యుమెంట్లకి, సరుక్కి కాదు.

జయపురం_అప్ప:
తేలిక సరుకు అని మురిసిపోకు బాబూ, బరువు ఒక్కటే కాదు, సైజు కూడా చూస్తారు. నా అనుభవం చెప్తాను. అప్పడాలు విరగకూడదని పెద్ద పెట్టెలో గుడ్డలు కుక్కి పంపాను, 30 సెంటీమీటర్లు పొడుగు, 25 వెడల్పు, 20 ఎత్తు. మూడూ గుణించి 5000తో భాగిస్తారంట, 3 కేజీలు అని తేల్చారు. అందులో అప్పడాలు 900 గ్రాములు. గాలికి రెండు కేజీల పైన డబ్బు కట్టాను. ఆహార రిజిస్ట్రేషన్‌కి ఏడాదికి వంద రూపాయలే కట్టాను, ఈ గాలికి మాత్రం ఒక్క నెలలో నాలుగు వందలు. అప్పటినుంచి యాప్ మానేసి వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని బస్సులో పంపుతున్నాను. డబ్బు ముందు, అప్పడం తర్వాత.

కొట్టు_కామయ్య:
అదీ మాట. అప్ప గారు చేసింది వ్యాపారం. బరంపురం బాబు చేసేది వేరే వాళ్ల సరుకుని వేరే వాళ్ల యాప్‌లో వేరే వాళ్ల రేటుకి అమ్మడం. నీ ఫోటో చూసి ఇంకోడు అదే సదర్ బజార్ సరుకు ఎనిమిది రూపాయలు తగ్గించి పెడితే? 68 కాస్తా 60 అయితే నీ 1605 ఎంతవుతాది, చెప్పు.

బరంపురం_పార్సిల్:
949 అవుతాది. వంద ఆర్డర్లకి. తెలుసు, పోయిన ఏడాది రెండు నెలలు అలాగే అయింది. అందుకే డిజైన్లు కలిపి ప్యాక్ చేస్తాను, పెళ్లిళ్ల టైంలో రాళ్ల బొట్లు, శ్రావణంలో ఎర్రవి, ఎవడూ అచ్చంగా కాపీ కొట్టలేడు.

కొట్టు_కామయ్య:
ఎవరు కలుపుతారు, నువ్వా?

బరంపురం_పార్సిల్:
మా ఆవిడ. రాత్రి పాప పడుకున్నాక రెండు గంటలు.

కొట్టు_కామయ్య:
ఆ రెండు గంటలకి కూలి గంటకి 50 వెయ్యి, రోజుకి వంద, నెలకి 3000. నీ 9630 లోంచి తియ్యి. 6630. ఇదా నువ్వు ఆ కుర్రోడికి చూపించే బతుకు? పెళ్లాం రెక్కల కష్టం లాభంలో రాసుకుని మగాడు లెక్కలు చెప్తున్నాడు.

బరంపురం_పార్సిల్:
మావయ్యా పెద్దోడివని ఊరుకుంటన్నాను. మధ్యాహ్నం నువ్వు భోంచేసి కునుకు తీసే టైంలో కొట్లో ఎవరు కూర్చుంటారు? అత్త కాదా? ఆవిడకి 22 ఏళ్ల జీతం ఎంత బాకీ ఉన్నావు? ముందు అది కట్టి తర్వాత నా ఇంటికి రా.

రాయగడ_రైలు:
అమ్మో

జయపురం_అప్ప:
ఇద్దరూ కట్టండి నాయనా. మాకు రావలసినవే అవి.

కొట్టు_కామయ్య:
నా కొట్టు ఊసు ఎత్తకు. కొట్టు అంటే ఇల్లు. అందులో కూర్చోడం కూలి కాదు. మీ యాప్‌లో ఎవడికో ఊడిగం చేస్తూ దాన్ని కొట్టుతో పోల్చడానికి సిగ్గుండాలి. సూరత్‌లో మిల్లుకి చేశావు, ఇక్కడ యాప్‌కి చేస్తున్నావు, తేడా ఏటి?

బరంపురం_పార్సిల్:
తేడా చెప్పనా. సూరత్‌లో మగ్గం మీద 12 గంటలు, చెవుల్లో ఆ చప్పుడు నిద్రలో కూడా ఆగేది కాదు. ఒక గదిలో పగటి షిఫ్టోళ్లు లేస్తే రాత్రి షిఫ్టోళ్లం అదే చాప మీద, చాప చల్లారేదే కాదు. మన గంజాం వాళ్లే సగం గది. 17 వేలు వచ్చేవి. గది, మెస్సు, ఫోను, ఏడాదికి రెండుసార్లు రైలు, పోగా ఇంటికి పంపింది 9, ఎప్పుడైనా 9న్నర. ఇప్పుడు 9630. ఒకటే. సెలవకి వచ్చినప్పుడు మా పాప నన్ను చూసి తలుపు వెనక దాక్కునేది, మూడో రోజుకి దగ్గరకొచ్చేది, ఐదో రోజు నేను రైలెక్కేవాణ్ణి. ఇప్పుడు లేబుళ్లు అదే అతికిస్తాది, వంకరగా. నువ్వు 6630 అను, 4000 అను, నేను మళ్లీ ఆ చాప మీదకి వెళ్లను.

గుణుపురం_గుంటడు:
అన్నా నాదీ అదే గది అనుకో.

కొట్టు_కామయ్య:
బాబూ, కోపంలో అన్నాను, ఊడిగం అన్నమాట వెనక్కి తీసుకుంటాను. మీ ఆవిడ మాట కూడా. కానీ చూడు, నేను పొద్దున్నుంచి చెప్తున్నది ఇదే. నీకు మిగిలింది పాప. అది డబ్బు కాదు. దాన్ని లాభం అని పేరు పెట్టి 15 వేలతో ఉన్న కుర్రోడికి చూపిస్తున్నావు. ఆర్డర్లు 20 నుంచి 8కి పడ్డ నెల వాడికి పాల డబ్బులు ఎవరిస్తారు? ఇంటి దగ్గరుండాలని ఉంటే ఉండు, తప్పు లేదు, ఎంత పోగొట్టుకుని ఉంటన్నావో తెలుసుకుని ఉండు. నష్టాన్ని లాభం అనుకుని ఉండకు.

బరంపురం_పార్సిల్:
నేను నష్టం అననిది నువ్వు నష్టం అంటన్నావు మావా. గొడవ అక్కడే ఉంది. కవర్ల మీద కాదు.

లెక్కల_మేష్టారు:
ఖాతా పుస్తకంలో రెండూ వేరే పేజీలు అండి. పాపని ఏ పద్దు కింద రాస్తారు?

కొట్టు_కామయ్య:
మేష్టారూ మీరుండండి. మా వాడి సంగతి ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ల కింద కొట్లోనే వెనక మూల ఒక బల్ల వేసుకుని ఆన్‌లైన్ పెడతానన్నాడు. ఇదే లెక్క వేసి చూపించాను, అరుగుదల, కవరు, తిరుగు సరుకు అన్నీ. నోరెత్తలేకపోయాడు. ఇప్పుడు హైదరాబాద్ బయట ఒక గోడౌన్లో ఉన్నాడు, 16 వేలు జీతం. పనేటంటే పార్సిళ్లు ప్యాక్ చెయ్యడం. నా లెక్క తప్పు కాదు, ఇప్పటికీ తప్పు కాదు. ఆ మూల ఖాళీగానే ఉంది, అట్టపెట్టెలు పడేశాం.

రాయగడ_రైలు:
...

జయపురం_అప్ప:
ఆ బల్ల కొలత ఎంతుంటాదండీ కామయ్య గారూ, ఊరికే అడుగుతున్నాను.

కొట్టు_కామయ్య:
నాలుగు రెండు. మీ అత్త రోజూ అడిగే ప్రశ్నే మీరూ అడిగారు. కొట్టు మూసే టైమయింది.

గుణుపురం_గుంటడు:
పెద్దలందరికీ దండాలు. 15లో 3 వేలే పెడుతున్నాను. 12 అట్టల ప్యాకెట్లు 40 చెప్పాను, క్లిప్పులు మేష్టారి మాట మీద ప్రస్తుతానికి వద్దన్నాను. మిగతా డబ్బుతో మా ఆవిడ కాటుక కూడా తెద్దాం అంటంది, దానికి కూడా పన్ను లేదంట కదా. తిరుగు సరుకు ఎన్ని వచ్చాయో నెలయ్యాక ఇక్కడే రాస్తాను, కామయ్య మావయ్య గారి లెక్కలో ఒకటి, బరంపురం అన్న లెక్కలో ఒకటి.

లెక్కల_మేష్టారు:
ఆగు బాబూ. కాటుక అంటే డబ్బీ కాటుకా, పెన్సిల్ కాటుకా? డబ్బీకి సున్నా. పెన్సిల్ అయితే పన్నుంది, మొత్తం లెక్క మారిపోతాది. ఆర్డర్ పెట్టేశావా?