మూడోవంతు ఓట్లకి 411 సీట్లు: బ్రిటన్‌లో ఉన్న మన పిల్లల విసుగుకి కారణం ఎక్కడుంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్ళిన తెలుగు పిల్లలు ఫోన్‌లో ఒకటే మాట అంటున్నారు. కన్సర్వేటివ్‌లు పోయి లేబర్ వచ్చింది, ఇంటద్దె తగ్గలేదు, చేతికొచ్చే జీతం పెరగలేదు, పార్లమెంటులో మాత్రం తప్పు మీదంటే మీదని అరుచుకుంటున్నారు అని.

తెలిసినవాళ్ళు చెప్పండి. 2024 జులై 4 ఎన్నికల్లో లేబర్‌కి వచ్చినవి 33.7 శాతం ఓట్లు. 650 సీట్లలో 411 ఎలా వచ్చాయి? 14 ఏళ్ళ తర్వాత ప్రభుత్వం మారినా పెద్ద ఆస్తుల జోలికి గట్టిగా ఎందుకు వెళ్ళడం లేదు? భారత పాస్‌పోర్టు ఉన్న మన పిల్లలు అక్కడ చేయగలిగింది ఏమైనా ఉందా? "ఎక్కడైనా అంతే" అని తేల్చేయకండి, లెక్క చూపించండి.

గోపాల్‌పూర్ తీరం (బరంపురం)

సీట్ల లెక్కకి బ్రిటన్ దాకా పోనక్కర్లేదు, మన ఒడిశాలోనే ఉంది. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో బీజేడీకి 40.22 శాతం ఓట్లు, బీజేపీకి 40.07. ఓట్లలో వెంట్రుకవాసి ముందున్న బీజేడీకి 51 సీట్లు, వెనకున్న బీజేపీకి 78. నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే సీటు వాళ్ళదే అనే పద్ధతి మనం తెచ్చుకున్నది అక్కడి నుంచే.

అక్కడ ఓట్లు ఇప్పుడు రెండు ముక్కలు కాదు, నాలుగైదు ముక్కలు అవుతున్నాయి. అందుకే తేడా ఇంకా ఘోరంగా కనిపిస్తోంది. మాజీ ప్రధాని లిజ్ ట్రస్ ఓడిపోయిన సౌత్ వెస్ట్ నార్ఫోక్‌లో లేబర్ అభ్యర్థి గెలిచింది 26.7 శాతంతో. అంటే ఓటేసిన నలుగురిలో దాదాపు ముగ్గురు ఆయన్ని కోరుకోలేదు. రిఫార్మ్ యూకేకి దేశమంతా కలిపి 41 లక్షల ఓట్లొస్తే 5 సీట్లు. లిబరల్ డెమోక్రాట్లకి 35 లక్షలకే 72. రిఫార్మ్ ఓటు అన్నిచోట్లా పలచగా పరుచుకుంది, లిబరల్ డెమోక్రాట్లది గెలవగలిగిన చోట్ల కుప్పపడింది. తేడా అదే.

ఇంకో లెక్క చూడండి. 2019లో ఘోరంగా ఓడినప్పుడు లేబర్‌కి వచ్చినవి కోటీ 2 లక్షల పైచిలుకు ఓట్లు, 202 సీట్లు. 2024లో 97 లక్షలే వచ్చాయి, సీట్లు రెట్టింపయ్యాయి. ఓటు వేసినవాళ్ళు 60 శాతం దగ్గర. అంటే జాబితాలో పేరున్న ప్రతి అయిదుగురిలో ఒక్కరి ఓటుతో అంత మెజారిటీ. పిల్లల విసుగుకి పునాది ఇక్కడుందని నేను అనుకుంటున్నాను. జనం అటు మొగ్గకుండానే ప్రభుత్వం మొత్తం అటు ఒరిగిపోతుంది.

మార్చే ప్రయత్నం 2011 మే 5న జరిగింది. అభ్యర్థులకి వరస నంబర్లు వేసే పద్ధతి మీద రెఫరెండం పెడితే 67.9 శాతం వద్దన్నారు. అదైనా ఓట్ల నిష్పత్తిలో సీట్లిచ్చే పద్ధతి కాదు.

పార్టీ పట్టు సంగతి. ముఖ్యమైన ఓటింగు ఉంటే విప్ కాగితం మీద ఆ అంశం కింద మూడు గీతలు గీస్తారు. మూడు గీతలుంటే రావాలి, చెప్పినట్టే వేయాలి. 2024 జులై 23న ఇద్దరు పిల్లల పరిమితి ఎత్తేయాలన్న సవరణకి ఓటేసిన ఏడుగురు లేబర్ ఎంపీలను అధికార పక్షం నుంచి సస్పెండ్ చేశారు. ఆ పరిమితి ఏమిటంటే, 2017 ఏప్రిల్ 6 నుంచి పుట్టిన మూడో బిడ్డకి యూనివర్సల్ క్రెడిట్‌లో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) పిల్లల భాగం వచ్చేది కాదు. అదే పరిమితిని అదే ప్రభుత్వం 2025 నవంబరు బడ్జెట్‌లో ఎత్తేస్తున్నామని ప్రకటించింది. ఆ ఏడుగురూ ముందే అన్నది తప్పు కాదని తేలింది కదా. మన దగ్గరైతే 1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టం (రాజ్యాంగం పదో షెడ్యూలు) కింద సభ్యత్వమే పోయేది. అక్కడ సీటు పోదు, పార్టీ బల్ల మాత్రం పోతుంది. ఈ ఒక్క విషయంలో అక్కడి పద్ధతే నయం.

ప్రాణహిత ఒడ్డు (సిరివంచ)

ఆస్తుల సంగతి నేను చెప్తాను.

అక్కడి జాతీయ గణాంక కార్యాలయం 2018 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా చేసిన సర్వేలో పైనున్న పదోవంతు కుటుంబాల చేతిలో మొత్తం ఆస్తిలో 43 శాతం, కిందనున్న సగం కుటుంబాల చేతిలో 9 శాతం ఉంది. ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఆస్తి వరసలో సరిగ్గా మధ్యనున్న కుటుంబం ఆస్తి 5,03,400 పౌండ్లయితే ఈశాన్యంలో 1,68,500. ఎక్కువ భాగం ఇల్లు, పెన్షనే. అందుకే జీతం పెరిగినా దూరం తగ్గదు. 1997లో ఇంగ్లండ్‌లో సగటు ఇల్లు ఏడాది జీతానికి మూడున్నర రెట్లుండేది, 2024కి 7.7 రెట్లు.

పన్ను ఎవరి మీద పడుతుందో లెక్క కడదాం. 2025-26 రేట్లు, ఇంగ్లండ్. ఒకరికి లక్ష పౌండ్ల జీతం. మొదటి 12,570కి పన్ను లేదు. 50,270 దాకా 20 శాతం, అంటే 7,540. మిగిలిన 49,730కి 40 శాతం, 19,892. ఇది కాక నేషనల్ ఇన్సూరెన్స్, అంటే జీతంలోంచి కోసే సామాజిక భద్రత చందా: 12,570 నుంచి 50,270 దాకా 8 శాతం, పై భాగానికి 2 శాతం, కలిపి 4,010 దాకా. మొత్తం 31,440 పైన పోయింది.

వేరే ఆదాయం ఏమీ లేని ఇంకొకరు షేర్లు అమ్మి అదే లక్ష లాభం చూశారనుకోండి. 3,000 మినహాయింపు. తర్వాతి 37,700కి 18 శాతం, 6,786. మిగతా 59,300కి 24 శాతం, 14,232. మొత్తం 21,018. నేషనల్ ఇన్సూరెన్స్ లేదు. ఒకే లక్ష, పదివేల పౌండ్ల పైన తేడా. ఈ 18, 24 కూడా 2024 అక్టోబరు 30న పెంచిన రేట్లే, అంతకుముందు షేర్ల మీద 10, 20. అమ్మకుండా అలాగే ఉంచుకుంటే లాభం మీద పన్నే లేదు. చనిపోయేదాకా ఉంచుకుంటే అప్పటిదాకా పెరిగిన లాభం ఈ పన్ను లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. వారసత్వ పన్ను 40 శాతం ఉన్న మాట నిజమే, కానీ సొంతిల్లు పిల్లలకి వదిలే దంపతులకి పది లక్షల పౌండ్ల దాకా అది తగలకుండా దారి ఉంది.

మరి ఎందుకు ముట్టుకోరు అంటారా? 2024లో లేబర్ ముందే మాటిచ్చింది: ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ పెంచం అని. పెద్ద తలుపులు మూడూ మూసేశాక డబ్బుకోసం కిటికీలు వెతికారు. యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ని 2025 ఏప్రిల్ నుంచి 13.8 శాతం నుంచి 15కి పెంచి, అది మొదలయ్యే గీతను 9,100 నుంచి 5,000కి దించారు. దీని దెబ్బ పార్ట్‌టైమ్ ఉద్యోగాల మీద. ఏడాదికి 10,000 పౌండ్లు ఇచ్చే ఉద్యోగానికి యజమాని ఇదివరకు 124 కట్టేవాడు, ఇప్పుడు 750. మినహాయింపు పొందే చిన్న కొట్టుకి తెలియకపోవచ్చు, పెద్ద దుకాణాల గొలుసుకి ప్రతి ఉద్యోగి మీదా తెలుస్తుంది. 21 దాటిన విద్యార్థులకి షిఫ్టులు తగ్గిస్తే మొదట వెతకాల్సిన కారణం ఇదే.

పన్ను లేని 12,570 గీతను 2021 నుంచి కదపలేదు. ధరలతోపాటు జీతం పెరిగినవాడు రేటు మారకుండానే ఎక్కువ కడతాడు. ఇది కన్సర్వేటివ్‌లు పెట్టినదే, లేబర్ కొనసాగిస్తోంది. సభలో ఎంత అరుచుకున్నా ఇక్కడ ఇద్దరిదీ ఒకే దారి. నాకు కోపం తెప్పించేది ఇదే.

మన దేశం మాట కూడా రాయాలి. ఎస్టేట్ సుంకం (చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను) 1985లో, సంపద పన్ను 2015 బడ్జెట్‌లో ఎత్తేశాం. వాళ్ళని విమర్శించేటప్పుడు ఇది మరవకూడదు.

కొండదారి (రాయగడ)

పిల్లలు చేయగలిగింది ఉందండీ, చాలామందికి తెలియదు. కామన్వెల్త్ దేశాల పౌరులు చెల్లే వీసాతో అక్కడ నివాసం ఉంటే ఓటు వేయొచ్చు, పార్లమెంటు ఎన్నికలతో సహా. స్టూడెంట్ వీసా అయినా సరే. దానివల్ల భారత పౌరసత్వానికేమీ కాదు.

నమోదు ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాల పని. పోలింగుకి 12 పనిదినాల ముందే అయిపోవాలి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు అడుగుతారు, ఇంకా రాకపోతే లేదని రాసి పంపండి, కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) వేరే ఆధారం అడుగుతుంది. మనవాళ్ళు తడబడేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో, నమోదులోనూ అలాగే రాయాలి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు పెడితే బూత్‌లో అడ్డు తగులుతుంది. గుర్తింపుగా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. యూనివర్సిటీ కార్డు చెల్లదు, చాలామంది అదొక్కటే పట్టుకెళ్ళి వెనక్కొస్తారు. ఇల్లు మారితే మళ్ళీ నమోదు చేయాలి, పాతది తనంతట తాను వెంట రాదు. జాబితాలో పేరుంటే ఫోన్ కాంట్రాక్టు, అప్పు తీసుకునేటప్పుడు పరపతి తనిఖీలోనూ పనికొస్తుంది.

ఎంపీకి రాసేటప్పుడు మెయిల్లో పోస్ట్‌కోడ్‌తో సహా చిరునామా తప్పక ఇవ్వాలి. తమ నియోజకవర్గం కాదనుకుంటే జవాబు రాదు. ఓటరు కాకపోయినా నివాసి అయితే చాలు. ఎంపీలు జనాన్ని ముఖాముఖి కలిసే రోజును అక్కడ సర్జరీ అంటారు, ముందు సమయం తీసుకుని ఒకే సమస్యతో, కాగితాలతో వెళ్ళాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం, పిల్లలకి పంపించాను. ఒక్క సందేహం. నలుగురు విద్యార్థులున్న అద్దింటికి కౌన్సిల్ టాక్స్ బిల్లు వచ్చిందట. ఇది మన హోల్డింగ్ టాక్స్ (మునిసిపాలిటీ ఇంటి పన్ను) లాంటిదేనా? విద్యార్థులకి ఉండదన్నారు కదా?

ప్రాణహిత ఒడ్డు (సిరివంచ)

నలుగురూ పూర్తికాల విద్యార్థులైతే మినహాయింపే, కానీ దానంతట అది రాదు. నలుగురూ యూనివర్సిటీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని కౌన్సిల్‌కి పంపాలి. ఒకరి కోర్సు అయిపోయి ఉద్యోగంలో చేరితే ఆ తేదీ నుంచి ఇంటికి బిల్లు మొదలవుతుంది. లెక్కలోకి వచ్చే పెద్దవాళ్ళు ఒక్కరే కాబట్టి 25 శాతం తగ్గింపు అడగాలి. అడక్కపోతే ఇవ్వరు.

హోల్డింగ్ టాక్స్‌కి దీనికి తేడా, అక్కడ యజమాని కాదు, ఉండేవాడు కడతాడు. అద్దెకున్నా కట్టాల్సిందే. ఇంగ్లండ్‌లో ఇంటి విలువ లెక్క ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటిదే. 40,000 పౌండ్ల లోపు ఇల్లు ఏ బ్యాండు, 3,20,000 దాటితే హెచ్ బ్యాండు. హెచ్ కట్టేది ఏ కంటే సరిగ్గా మూడు రెట్లు, అంతకు మించి పోదు. ఒక కౌన్సిల్‌లో ఏ బ్యాండుకి 1,400 అయితే హెచ్‌కి 4,200, ఇల్లు ఇరవై రెట్లు ఖరీదైనా అంతే. 20 లక్షల పౌండ్లు దాటిన ఇళ్ళమీద 2028 ఏప్రిల్ నుంచి అదనపు మొత్తం వేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో చెప్పారు.

బ్యాండు తప్పనిపిస్తే అడగొచ్చు. ముందు అదే వీధిలో అదే కొలతల ఇళ్ళు ఏ బ్యాండులో ఉన్నాయో ఆన్‌లైన్‌లో చూసుకోండి. వాటన్నిటిదీ ఎక్కువ బ్యాండే అయితే కదపకండి, తిరగదీసినప్పుడు పెంచే అధికారం కూడా వాళ్ళకి ఉంది.

కొండదారి (రాయగడ)

ఒకటి మర్చిపోయాను. పిల్లలు స్కాట్లండ్‌లో ఉంటే అక్కడి పార్లమెంటు, కౌన్సిల్ ఎన్నికలకి ఫోటో గుర్తింపు అక్కర్లేదు, 16 ఏళ్ళకే ఓటు. అక్కడి పార్లమెంటు ఎన్నికలో రెండు బ్యాలెట్లు ఇస్తారు, ఒకటి అభ్యర్థికి, ఇంకొకటి ప్రాంతీయ జాబితాకి. గోపాల్‌పూర్ తీరం గారు చెప్పిన సీట్ల తేడాను ఆ రెండో బ్యాలెట్ చాలావరకు సరిచేస్తుంది. మొదటిది వేసి రెండోది ఖాళీగా వదలొద్దని చెప్పండి.